ఒనోదెర గారి గుమ్మడి తోటలో దిగిన విమానం

పొద్దున్నే ఆకాశంలో ఒక చుట్టు తిరిగొచ్చి వేడివేడి మిసో పులుసు తాగుదామనుకున్నాడు తెత్సుజి. జపాన్ ఉత్తరాన హొక్కైడోలోని ఆ ఊరికి, పండిన కూరగాయలు నగరాలకు పంపడానికి వేసిన చిన్న రన్‌వే ఉంది. రిటైరయ్యాక కొనుక్కున్న పాత రెండు సీట్ల విమానం ఆయనకుంది. భార్య చియెకో షరతు కూడా ఉంది: ఆయన పొరపాటు వల్ల ఒక్క ప్రమాదం జరిగినా విమానం అమ్మేయాలి.

దిగే వేళకు ఆకలి ఆగలేదు. చియెకో కట్టిచ్చిన అన్నం ముద్ద విప్పాడు. అది జారి కాళ్ల మధ్య పడింది. వంగి తీసి నోట్లో కుక్కుకుని తలెత్తేసరికి రన్‌వే అయిపోయింది. విమానం పక్క తోటలోకి దూసుకెళ్లి, ముక్కు మట్టిలో గుచ్చి, తోక పైకెత్తి నిలబడింది. ఆయనకు చిన్న గీతైనా పడలేదు.

తోట యజమాని ఒనోదెర పరుగెత్తుకొచ్చి క్షమించమన్నట్టు నడుం వంచాడు.

"తప్పు నాదే తెత్సుజీ! గుమ్మడి తీగలు రన్‌వే అంచుదాకా పాకుతుంటే చూస్తూ ఊరుకున్నాను. వాటిని చూసి కంగారుపడ్డావు, అంతేగా?"

నోటినిండా అన్నంతో తెత్సుజి "ఊఁ" అన్నాడు. సరిగ్గా అప్పుడే చియెకో వచ్చింది.

"అయితే మీ తప్పేం లేదన్నమాట!"

మింగడం అయ్యాక కూడా ఆయన నోరు విప్పలేదు.

మధ్యాహ్నం పక్కింటావిడ మురాయ్ క్షమాపణగా మిఠాయి డబ్బాతో వచ్చింది. రన్‌వే పక్కన గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డసంచిని ఉతకడానికి తీసింది ఆవిడే. "నా శుభ్రం తగలెయ్య! క్షమించండి," అని కళ్లు తుడుచుకుంది. వెనకే ఊరిపెద్ద కుదో వచ్చాడు. రన్‌వే మీద గడ్డి కోయించలేదట. "ఆవిడ డబ్బాకంటే నాది పెద్దది, చూడండి. తప్పూ అంతే," అన్నాడు. విమానం దక్కిందన్న ఆనందంలో తెత్సుజి రెండు డబ్బాలూ రుచి చూశాడు.

ఇంతలో వాకిట్లో ట్రాక్టరు ఆగింది.

"మళ్లీ ఎవరూ కంగారుపడకుండా తోటంతా దున్నేస్తున్నాను. నీకు చెప్పి వెళ్దామని ఆగాను," అన్నాడు ఒనోదెర.

తెత్సుజి మిఠాయి వదిలేసి, చాప మీద నుదురు ఆనించి, ముద్ద సంగతి మొత్తం చెప్పేశాడు.

ఒనోదెరకు కన్నీళ్లాగలేదు. "విన్నారా? నన్ను కాపాడ్డానికి ఎంత నమ్మశక్యంకాని అబద్ధమాడుతున్నాడో! ఇక దున్నక తప్పదు."

"చియెకో, నువ్వైనా చెప్పు! తప్పు నాదే!"

చియెకో తీరిగ్గా టీ పోసింది. "ఆ ముద్ద సంగతి నిజమేనండీ. ఇన్నేళ్ల కాపురంలో ఈయన ఇంకొకరి కోసం అబద్ధమాడగా నేను చూళ్లేదు."

ఆ మాట అందరూ నమ్మారు. తోట దున్నడం ఆగిపోయింది. విమానం అమ్మకానికొచ్చింది.

"నేను కొంటాను," అన్నాడు ఒనోదెర. "నా విమానం నా తోటలో పడితే ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పక్కర్లేదు."

"మీకు నడపడం రాదుగా?" అంది చియెకో.

ఒనోదెర తెత్సుజి వైపు చూశాడు. అమ్మేయాలన్నదే షరతు, అమ్మాక ఎవరు నడపాలన్నది అందులో లేదు.