మూడో భాగంలో ఎండ

మా తమ్ముడు సంచీ సర్దుకుంటున్నాడు. నేను పక్కన కూర్చుని సాయం చేస్తున్నాను. సాయమంటే ఏమీ లేదు, వాడు ఒక చొక్కా లోపల పెట్టి రెండోదాని కోసం అటు తిరగగానే మొదటిది తీసి మంచం కిందికి తోసేయడం. ఎంతసేపు సర్దినా సంచీ నిండకపోయేసరికి వాడికి అనుమానం వచ్చింది.

"అక్కా, ఈ సంచీకి అడుగుందా?" అన్నాడు.

"పాతబడిపోయిందిరా. కొత్తది కొనుక్కుని వచ్చే నెల వెళ్దువుగాని," అన్నాను.

వాడు వంగి మంచం కింద చూశాడు. చొక్కాలన్నీ అక్కడే ఉన్నాయి. సబ్బుపెట్టె కూడా ఉంది. ఒక చెప్పు మాత్రమే ఉండేసరికి రెండోదాని కోసం వెతికాడు. అది నా ఒళ్ళో ఉంది.

వాడు సరుకు ఓడల్లో వంటవాడు. మా ఆయన వాడికి లంగరు అని పేరు పెట్టారు. ఎక్కడా పట్టుమని పది రోజులు ఆగనివాడికి ఆ పేరేమిటండీ అని అడిగితే, పేరైనా ఒకచోట ఆగనీ అన్నారు.

నా సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎవరైనా గుమ్మం దాటుతున్నారంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. కరెంటు మీటరు చూసుకుని పోయేవాణ్ణి కూడా మళ్ళీ ఎప్పుడొస్తావు నాయనా అని అడుగుతానని మా ఆయన వెక్కిరించేవారు. అడుగుతాను, అందులో అబద్ధం లేదు. అతను మాత్రం నేను బిల్లుకు భయపడుతున్నాననుకుంటాడు.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. జీవితమంతా జనాన్ని పైకీ కిందికీ పంపి, రిటైరయ్యాక సోఫాలో గ్రౌండ్ ఫ్లోరు దగ్గర ఆగిపోయిన మనిషి. నేను బడి మొహం చూడలేదు. ఆయన బాగుచేయడానికి ఇంటికి తెచ్చే లిఫ్టు బోర్డుల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. అందుకని నాకు గడగడా చదవడం వచ్చిన మొదటి వాక్యం 'అధిక బరువు ప్రమాదం'. కొత్త కోడలిగా ఉన్నప్పుడు నా చదువు చూపించుకోవాలని మా అత్తగారు మంచం మీద కూర్చోబోతుంటే దాన్ని పైకి చదివాను. ఆవిడ ఆ తరవాత చాలా కాలం నాతో మాట్లాడలేదు.

సరే, ఆట సంగతి చెప్పాలి. మొదటిసారి ఓడ దిగి వచ్చినప్పుడు తమ్ముడు ఒక వీడియో గేము పెట్టె తెచ్చి మా టీవీకి తగిలించాడు. ఆ ఆటని మా ఇంట్లో బూడిద ఆట అనేవాళ్ళం. లోకం తగలబడిపోతుంది. మిగిలిన మనుషులు నేల కింద సొరంగాల్లో బతుకుతుంటారు. మొహానికి మాస్కు లేకుండా పైకి వస్తే ఊపిరాడదు. చేతిలో ఒక దీపం ఉంటుంది, దానికి కీ ఇస్తూ ఉండాలి, మానేస్తే ఆరిపోతుంది. ఆరిన చోట మృగాలుంటాయి. తుపాకీ ఉంటుంది గాని గుండ్లు ఉండవు.

అప్పటికి మా జుట్లు ఇంకా నల్లగానే ఉండేవి. ముగ్గురం ఒకే సోఫాలో ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. తమ్ముడు రిమోట్ నొక్కేవాడు. మా ఆయన ఎటు తిరగాలో చెప్పేవారు. గోడల మీద చచ్చిపోయినవాళ్ళు రాసిపెట్టిన రాతలు నేను చదివి పెట్టేదాన్ని, ఎందుకంటే చదివే ఓపిక వాళ్ళిద్దరికీ లేదు. ఒకచోట పాత లిఫ్టు వచ్చింది. మృగం వెనకాలే తరుముతోంది. లిఫ్టెక్కరా అని నేను కంగారుపడుతుంటే మా ఆయన వద్దన్నారు. ఆ తాడుకు గ్రీజు పెట్టి ఎన్నేళ్ళయిందో, నేనైతే ఆ లిఫ్టు ఎవరినీ ఎక్కనివ్వను అన్నారు. ఆ చర్చ తేలేలోపు మృగం మా తమ్ముణ్ణి తినేసింది.

కొన్నేళ్ళకు రెండో భాగం తెచ్చాడు. సొరంగాలు అవే గాని దీపాలు పెరిగాయి, గుండ్లు కూడా కావలసినన్ని దొరికాయి. వెంట ఒక తోడు కూడా ఉంటాడు. ఊరికే మాట్లాడుతూ, నువ్వు ఇక్కడుండు నేను ముందు చూసొస్తాను అని వెళ్తాడు. వెళ్ళిన ప్రతిసారీ తిరిగి వస్తాడు. నాకు మూడింటిలోకీ రెండోదే ఇష్టం. పనిపాటల్లో ఉన్నా అతని గొంతు వినిపిస్తే చెయ్యి తుడుచుకుని వచ్చేదాన్ని.

మూడో భాగం ఈసారి తెచ్చాడు. అందులో జనం సొరంగాల్లోంచి పైకి వచ్చేస్తారు. పచ్చిక కనిపిస్తుంది, ఏరు కనిపిస్తుంది, ఎండ కాస్తుంది. సంచీ సర్దే రోజుకి ఆట చివరికి వచ్చేసింది. మొదలుపెట్టిన ఆట ముగించకుండా తమ్ముడు మా గుమ్మం దాటడు. సగం ఆట తలలో తిరుగుతుంటే ఓడలో కూరకు ఉప్పు రెండుసార్లు పడుతుందట. ఆ పూట ఆట ముగించి, మర్నాడు బండెక్కుతానన్నాడు.

ఆ మాట వినగానే నా బుర్ర పనిచేసింది. బావాబావమరుదులు క్షవరానికి మంగలి షాపుకి వెళ్ళారు. నేను కళ్ళజోడు పెట్టుకుని రిమోట్ అందుకున్నాను. సెట్టింగ్సులో సులువు, మామూలు, కష్టం అని వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా కింద ఒక పుర్రె బొమ్మ, దాని పక్కన అతికష్టం అని ఉంది. దాని కింద చీమల్లాంటి అక్షరాలేవో ఉన్నాయి గాని, పుర్రె చూశాక ఇంకేం చదవాలి? నొక్కేశాను. తరవాత వంటింట్లోకి పోయి, ఏమీ ఎరగనట్టు గిన్నెలు కడగడం మొదలుపెట్టాను. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

వాళ్ళొచ్చి ఆట పెట్టారు. తెర మీద గుండ్ల లెక్క లేదు. దారి చూపించే గీత లేదు. మా ఆయన, తమ్ముడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను గిన్నెలు ఇంకా గట్టిగా తోమాను.

"బావా, మొదటి భాగం వాతావరణం వచ్చేసింది," అన్నాడు తమ్ముడు.

అన్నాడో లేదో వంతెన మీద చచ్చిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే చచ్చిపోయాడు. వాడు చచ్చిన ప్రతిసారీ నాకు ప్రాణం లేచొచ్చింది. ఏ అక్కా పైకి చెప్పుకోకూడని మాట ఇది.

మర్నాడు బండి వాణ్ణి ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది. ఆట మాత్రం వంతెన దాటలేదు. ఖాళీగా ఉన్న మగవాళ్ళిద్దరూ ఏ భాగం గొప్పదని వాదన వేసుకున్నారు. తమ్ముడిది మొదటి భాగం పక్షం. మూడోది వనభోజనంలా ఉంది, చీకటి లేని భయం ఏం భయం అన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు.

"చీకట్లో మృగం ఉందని తెలిస్తే మనిషి దీపం పట్టుకునే వెళ్తాడురా. ఎండ కాస్తుంటే మాస్కు కూడా ఇంట్లో వదిలేసి పోతాడు. కష్టమంటే అదీ," అన్నారు.

"మీకేం భయమండీ, ఎండొచ్చినా వానొచ్చినా సోఫాలోనే కదా ఉంటారు," అన్నాను నేను.

"నేను లేస్తే నీ కాళ్ళూ చేతులూ ఆడవని కూర్చున్నానే."

"నీళ్ళు తెచ్చుకోవడానికి లేచినా నేనేం అనను."

వాదన తేలాలంటే మూడో భాగాన్ని మొదటి భాగంలా ఆడి చూడాలన్నాడు తమ్ముడు. ఎంత ఆలస్యమైతే అంత మంచిదని నేనే దుప్పట్లు తెచ్చిచ్చాను. కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఫ్యాను ఆపారు. మా ఆయన అటక మీంచి రంగులు వేసేటప్పుడు పెట్టుకునే రబ్బరు మాస్కు దింపి తగిలించుకున్నారు. దాని మీద కళ్ళజోడు నిలవక, తాడుతో తలకి కట్టుకున్నారు. తమ్ముడు ఓడలో పొగ వచ్చినప్పుడు వాడే మాస్కు పెట్టుకున్నాడు. ఇద్దరూ బుస్సుబుస్సుమంటూ సోఫాలో కూర్చుంటే, ఇల్లు రెండు ప్రెషర్ కుక్కర్లకు అద్దెకిచ్చినట్టుంది.

పై వాటాలో ఒక రిటైర్డు నర్సు ఉంటుంది. తుమ్మినవాళ్ళందరికీ జ్వరం చూస్తుందని మేం ఆవిణ్ణి థర్మామీటరమ్మ అంటాం. ఆవిడ దేనికో వచ్చి తలుపు సందులోంచి చూసింది. చీకటి గది, ఆగిన ఫ్యాను, కప్పేసిన కిటికీలు, మాస్కులతో ఇద్దరు మగవాళ్ళు. మారు మాట్లాడకుండా పైకి వెళ్ళిపోయింది. కాసేపటికి తన పరుపు మెట్ల మీంచి దొర్లించుకుంటూ దిగింది.

"నల్లులకి మందు కొట్టిస్తున్నారని ఒక్క మాట చెప్పకపోతే ఎలాగమ్మా? నాది కూడా కొట్టించండి," అంది.

కాదని చెప్పబోయాను. చెబితే, మరి మాస్కులెందుకని అడుగుతుంది. లోకం తగలబడిపోయిందని చెప్పాలి. రిటైరైన మగాడి పరువు గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడంతో కొంప మునిగింది. ఆవిడ మూడంతస్తులకూ కబురు చేసింది. మధ్యాహ్నానికల్లా వరండాలో, మెట్ల మీద, మా గుమ్మానికి అడ్డంగా పరుపులే పరుపులు. ఎవరికి వాళ్ళే ముందు మాది అంటే ముందు మాది అని తగువు. మా ఆయన మాస్కు తీయకుండానే బయటికి వచ్చి ఏదో సర్దిచెప్పారు. ఆ మాస్కులోంచి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మందు ఘాటుగా ఉందని అందరూ నాలుగడుగులు వెనక్కి జరిగారు.

చివరికి నిజంగానే మందు కొనుక్కొచ్చి కొట్టవలసి వచ్చింది. పరుపులన్నీ డాబా మీద ఎండబెట్టి, మళ్ళీ ఎవరివి వాళ్ళకి మోసుకెళ్ళి ఇచ్చాడు తమ్ముడు. దాంతో ఇంకో రోజు గడిచింది. వాడికి నడుం పట్టేస్తే మరో రోజు కలిసొచ్చింది. వాడి నడుముకి నూనె రాస్తూ నేను లోలోపల మురిసిపోయాను. ఇంత తెలివి నాకెక్కడినుంచి వచ్చిందా అనుకున్నాను. వారమంతా ఇల్లు నవ్వులతో మోగిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం వాడు ఎప్పటిలా కూర్చుని, వంతెన దాటాడు. తరవాత కోట, రేవు కూడా దాటాడు. అడ్డొచ్చిన ప్రతి మృగాన్నీ ఒక్కొక్క గుండుతో పడగొట్టుకుంటూ పోయాడు. నేను టీ కాచి తెచ్చేలోపు తెర మీద సముద్రం వచ్చింది, ఆట తయారుచేసినవాళ్ళ పేర్లు పైకి పాకుతున్నాయి.

టీ కప్పులతో తెరకి అడ్డంగా నిలబడ్డాను.

"ఇదేమిట్రా, అతికష్టంలో ఇంత తొందరగా ఎలా..." అనేసి నాలుక కరుచుకున్నాను.

మా ఆయన తాపీగా కప్పు అందుకున్నారు. "ఆ పుర్రె కింద సన్నక్షరాలు చదివావుటే?" అని అడిగారు.

నేను కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నాను.

"లిఫ్టు బోర్డులు చదివి పెరిగినదానివి, సన్నక్షరాలు వదిలేస్తావా? ఆ పుర్రె పెడితే ఎవరైనా ఒక్క గుండుకే పడతారు. మనమూ అంతే, మృగాలూ అంతే. మేం మొదటి భాగం నుంచీ గుండు గుండుకీ ప్రాణం పెట్టి ఆడినవాళ్ళం. ఆ పూటే అయిపోవలసిన ఆట ఇది."

"మరి వంతెన మీద అన్నిసార్లు చచ్చిపోయాడుగా?"

తమ్ముడు తల దించుకున్నాడు. "దూకానక్కా. అవి దగ్గరికి రాకముందే నేనే నీళ్ళలోకి దూకాను. నీకు తెలీదుగాని, గెలిచే ఆట ఓడిపోవడం చాలా కష్టం. బావైతే ఒకసారి రిమోట్ అందుకుని, మరిచిపోయి గెలిచేయబోయాడు కూడా."

నాకు సిగ్గుతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మిగతాది అప్పుడు బయటపడింది. నేను ఇంట్లో పుర్రె నొక్కుతున్న సమయానికే, మంగలి షాపులో సగం గడ్డంతో ఉన్న తమ్ముడికి ఫోనొచ్చిందట. సరుకు ఇంకా ఎక్కలేదు, ఓడ ఇప్పట్లో కదలదు, శనివారం బయల్దేరి తీరిగ్గా రమ్మన్నారట. నేను ఏమీ చెయ్యకపోయినా వాడు వారం ఉండేవాడే.

"ఆ ముక్క అప్పుడే నాతో చెప్పొచ్చుగా?" అన్నాను.

"చెప్దామనే అన్నాను. బావే వద్దన్నాడు," అన్నాడు తమ్ముడు.

మా ఆయన టీ ఊదుకుంటూ నా వైపు చూడకుండా చెప్పారు. "శనివారమని చెబితే, ఆ రోజు నుంచే లెక్కపెట్టుకుంటూ ఏడుస్తావు. ఆటైతే ఎప్పుడవుతుందో తెలీదు కదా. వారం రోజులు నవ్వుతూ తిరిగావు. చాలదూ?"

మంచం కింద నుంచి చొక్కాలు తీసి, దులిపి, మడతపెట్టి నేనే సంచీ సర్దాను. చెప్పులు రెండూ పెట్టాను. శనివారం పొద్దున వాడు వెళ్తుంటే గుమ్మం దాకా వెళ్ళి, ఎప్పటిలాగే ఎప్పుడొస్తావని అడిగాను. నాలుగో భాగం వచ్చినప్పుడు అన్నాడు. థర్మామీటరమ్మ మేడ మీంచి చెయ్యి ఊపింది. ఆ అబ్బాయి మందు కొట్టిన తరవాత కంటి నిండా నిద్రపడుతోందని ఇప్పటికీ చెబుతుంది. ఆవిడ పరుపులో మొదటినుంచీ నల్లులే లేవు.

నాలుగో భాగం రాలేదు గాని తమ్ముడు వచ్చాడు. మళ్ళీ మళ్ళీ వచ్చాడు. ఇప్పుడు ఓడలు మానేసి మా వీధి చివర క్యాంటీన్ నడుపుతున్నాడు, రోజూ కనిపిస్తాడు. వాడు సంచీ సర్దుకున్న ప్రతిసారీ నేను ఊరికే ఏడ్చాను.

మా ఆయన మూడో భాగం ఆడిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, బాగా ఎండ కాస్తున్న ఒక మంగళవారం పొద్దున, రిమోట్‌కి బ్యాటరీలు తెస్తానని సోఫాలోంచి లేచారు. చేతిలో సంచీ లేదు కాబట్టి నేను ఎప్పుడొస్తారని అడగలేదు. దుకాణం మెట్ల మీద కూర్చుని అలాగే ఒరిగిపోయారట. తిరిగి రాలేదు.