పచ్చ చుక్కల దత్తత

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే రామకృష్ణయ్య ఇంట్లో ఆ ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. కూతురు లక్ష్మీప్రసన్న తన పీహెచ్‌డీ కోసం కంప్యూటర్లో పుట్టించిన జీవులు పదిగంటల్లోగా రెండు జాతులుగా విడిపోవాలి. చీరల పనిమీద ఊరికి వస్తున్న గైడు నాగేశ్వర సార్ ఇంటికే వచ్చి చూస్తానన్నాడు. విడిపోతే థీసిస్ మీద సంతకం, లేకుంటే ఇంకో ఏడాది చాకిరీ.

తెర నిండా పచ్చ చుక్కలు. "దగ్గర రంగువే జత కడతాయి నాయనా. రంగులు దూరమైపోయి జత కట్టేది మానేస్తే వేరే జాతి అన్నట్టు," అని చెప్పి ఆమె స్నానానికి పోయింది.

రామకృష్ణయ్యకు ఒళ్ళు జలదరించింది. ఆయన లెక్కలో ఒకే రంగంటే ఒకే గోత్రం. తన ఇంట్లో, తన కళ్ళముందే సగోత్రపు పెళ్ళిళ్ళు. ఈయనకెందుకు ఆ గొడవ అంటారేమో, చెబితే వినే మనిషైతే కదా. షాపులో బిల్లులు కొట్టే చెయ్యి, నియమం ఉన్న గడిలో 'దగ్గర' తీసి 'దూరం' పెట్టేసింది.

అన్నీ పచ్చవే కావడంతో ఇక ఎవరికీ సంబంధం కుదరలేదు. చుక్కలు ముసలివై రాలిపోసాగాయి. కాఫీ తెచ్చిన భార్య ఆదిలక్ష్మి చూసింది.

"ఏం జేసినావయ్యా? అందరూ బ్రహ్మచారులుగానే పోతాండారే."

"గోత్రాలు కలిసినాయి. నేనేం జేసేది?"

"మీ చిన్నాయన కూతురి పెండ్లికేం జేసినారు? పిల్లను వేరే ఇంటికి దత్తతిచ్చి గోత్రం మార్చలేదా?"

నిజమే. రామకృష్ణయ్య సగం చుక్కలను ఎర్రరంగుకు దత్తతిచ్చాడు. అంతే, తెర మీద ముహూర్తాలు మొదలయ్యాయి.

తల తుడుచుకుంటూ వచ్చిన లక్ష్మీప్రసన్న తెర చూసింది. "నాయనా, నా కొంప ముంచినావు," అనేలోపే సార్ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"నీ లెక్కలో జత కట్టనివి వేరే జాతులు గదమ్మా. ఈడ పచ్చకు పచ్చ కట్టదు, ఎర్రకు ఎర్ర కట్టదు. అంటే తోడబుట్టినోళ్ళు వేరే జాతి, వియ్యంకులు ఒగే జాతా?"

ఆమెకు ఏడుపొచ్చింది. ఇది తన పని కాదని చెప్పబోయింది.

"ఉండమ్మా. జత కట్టకుంటే చాలు, జాతి వేరని రాసినావు. ఆ మాట నిలవదని ఇంత బాగా ఎవరూ చూపలే. ఇదీ థీసిస్‌లో చేర్చు," అంటూ సార్ సంతకం పెట్టేశాడు. "ఎవరిదీ ఆలోచన?"

రామకృష్ణయ్య గొంతు సవరించుకుని గోత్రం సంగతి, దత్తత సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు.

సార్ చీరలు చూడలేదు. వాకిట్లో చెప్పులేసుకుంటూ రామకృష్ణయ్యను పక్కకు పిలిచి, తన కొడుకు ఇష్టపడిన పిల్లదీ తమ గోత్రమేనని, ఆ దత్తతకు ఎవరిని పట్టుకోవాలని గొంతు తగ్గించి అడిగాడు.