ఫ్లెక్సీలో తగ్గిపోయిన తల

తెల్లవారేసరికి పిడుగురాళ్ల సెంటర్లో వెంకట్రామయ్య గారి తల ఆయన బావమరిది తలలో సగానికి తగ్గిపోయింది.

ముందుగా చూసింది ఆటోవాళ్లు. చూసి ఊరుకోకుండా ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టారు. మండల నాయకుడు వెంకట్రామయ్య గారు కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, జిల్లా నాయకుడికి స్వాగతం పలుకుతూ తాను కట్టించిన ఫ్లెక్సీలో తన ముఖం నిమ్మకాయంత ఉంది. అడుగున గుండ్రటి గీతలో ఒదిగి ఉండవలసిన బావమరిది అంకారావు ముఖం గుమ్మడికాయంత ఉంది. మండలంలో ఎవరి మాట చెల్లుతుందో ఫ్లెక్సీలో తలలు కొలిచి తెలుసుకునే రోజులివి. పైన జిల్లా నాయకుడు, ఆయన కన్నా కాస్త చిన్నగా మండల నాయకుడు, కింద అనుచరులు. ఈ వరుస తప్పినందుకు పార్టీలు మారినవాళ్లున్నారు.

కాఫీ సగంలో వదిలి ఆయన ఝాన్సీ ఫ్లెక్సీ షాపుకి వచ్చిపడ్డాడు. వెనకే అంకారావు వచ్చాడు, ముఖంలో సంతోషం కనపడకుండా కష్టపడుతూ.

"ఏమ్మా ఝాన్సీ! నా తల ఏం జేశావు?"

ఆ షాపుకి యజమాని, డిజైనరు, ప్రింటు కొట్టే మనిషి అన్నీ ఝాన్సీయే. గది మాత్రం వెంకట్రామయ్య గారిది.

"నిన్న సాయంత్రం సరిగ్గానే పెట్టా బాబాయ్. మీరూ పక్కనే కూర్చున్నారు గదా. మౌస్ చానా ఏడిపించింది. కాసేపు కదలదు, కాసేపటికి ఎగిరి దూకుద్ది. ప్రింటరుకి రోల్ ఎక్కించి వచ్చి ప్రింటు కొట్టేశా. మళ్లీ చూసుకోలా, అది నా తప్పే."

"మౌస్ కదలకపోతే మనిషి తల తగ్గుద్దా?"

"ఫోటో మూల పట్టుకుని లాగేటప్పుడు ఆగి, ఒక్కసారే దూకితే ఎవరి తలైనా పెరుగుద్ది బాబాయ్."

"మరి నాది పెరగలేదేం?"

ఝాన్సీ మౌస్‌ను తిరగేసి అడుగున ఊదింది.

"పదకొండింటికి కార్లు వస్తయ్. ఆలోపు కొత్త ఫ్లెక్సీ సెంటర్లో లేకపోతే సాయంత్రానికి ఈ గది ఖాళీ చెయ్యి" అని ఆయన ఆమె వెనక కుర్చీలో కూలబడ్డాడు. కండువా తీసి ఒళ్లో వేసుకున్నాడు.

ఈ గది పోతే ఆ ప్రింటరును పెట్టుకోవడానికి ఊళ్లో ఝాన్సీకి మరో చోటు లేదు. ఫైలు తెరిచి వెంకట్రామయ్య గారి తల అంచు పట్టుకుని లాగింది. తెర మీద బాణం ఆగిపోయింది. మౌస్‌ను అటూ ఇటూ ఊపింది. బాణం ఒక్క గంతులో అంకారావు మీసంలో పడి అక్కడే ఉండిపోయింది.

"చూశారా బాబాయ్!"

"చూశా. సరాసరి వాడి దగ్గరికే పోయింది." ఆయన బావమరిది వైపు తిరిగాడు.

"నా వంక చూస్తావేంది బావా? నేనేమన్నా దాన్ని పిలిచానా?"

రిపేర్లు చేసే మౌలాలీకి కబురు వెళ్లింది. కరెంటుతో నడిచే వస్తువు ఏదైనా అతనికి ఒకటే. చూడకుండానే జబ్బు చెప్పేశాడు.

"సున్నం బట్టీల దుమ్ము చెల్లెమ్మా. ఈ ఊళ్లో ఫ్యాన్లే సరిగ్గా తిరగటంలా, ఇదెంత?"

దుమ్ము తుడిచాడు. బాణం ఆగింది. బ్యాటరీ మార్చాడు. ఆగింది. మౌస్ కింద కొత్త ప్యాడ్ వేశాడు. మరింత శ్రద్ధగా ఆగింది. చివరికి కంప్యూటర్ మొత్తం ఆపి మళ్లీ వేస్తే, ఆపరేషన్ గది ముందు బంధువుల్లా అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

ఈసారి బాణం చక్కగా నడిచింది. ఫోను రావడంతో వెంకట్రామయ్య గారు బయటికి వెళ్లాడు. ఝాన్సీ ఆయన తలను పెంచింది, అంకారావును గీతలోకి కుదించింది. సేవ్ నొక్కబోతుండగా ఆయన లోపలికొచ్చి కూర్చున్నాడు. బాణం బిగుసుకుపోయింది. అంకారావు చెవి మెల్లగా సాగడం మొదలుపెట్టింది.

"వైరసేమో చూడరా మౌలాలీ!"

"వైరసయితే అందరి తలలూ పెరగాల సార్. ఇది మనిషిని చూసి పెంచుతంది."

గదిలోని కళ్లన్నీ అంకారావు మీద పడ్డాయి. అతను ప్రాణం మీదికి తెచ్చుకునే రకం కాదు.

"అవతలి పార్టీవాళ్ల పని బావా! నీ తలని హ్యాక్ చేశారు."

ఆ మాట గుమ్మం దాటింది. అరగంటలో షాపు ముందు అనుచరులు మోటారు సైకిళ్లతో నిండిపోయారు. అవతలి పార్టీ గ్రూపులో దానికి జవాబు కూడా వచ్చింది: హ్యాక్ చేయాలంటే ముందు తల ఉండాలట. నినాదాలు లేచాయి. ఈలోగా వెంకట్రామయ్య గారి భార్య ఫోన్ చేసింది. ఆమె గొంతుకు స్పీకరు అక్కర్లేదు.

"మా తమ్ముడి తల ఒక్కపూట పెద్దగా ఉంటే నీ సొమ్మేం పోయింది?"

పది దాటింది. ఝాన్సీకి విసుగొచ్చింది. ఆ మౌస్‌కు వైరు లేదు. వేలిగోరంత రిసీవర్ ఒకటి సీపీయూకి గుచ్చితే దాని ద్వారా పనిచేస్తుంది. ఆమె ఆ రిసీవర్ పీకి, మౌస్‌తో పాటు గుప్పిట్లో పెట్టుకుని లేచింది.

"పక్క షాపులో వైరున్న మౌస్ అడిగి తెస్తా. దీంతో నా వల్ల కాదు."

అప్పుడు తెర మీద బాణం కదిలింది.

ముట్టుకున్నవాళ్లు లేరు. బల్ల మీద మౌసే లేదు. అయినా బాణం తడుముకుంటూ వెళ్లి వెంకట్రామయ్య గారి గడ్డం దగ్గర ఆగింది, గురి తప్పింది, జారి అంకారావు అంచు పట్టుకుని లాగింది.

"చెల్లెమ్మా, ఇది నా లైను కాదు" అని మౌలాలీ స్క్రూడ్రైవర్ సర్దుకుని వెళ్లిపోయాడు.

అంకారావు మాత్రం వెనక్కి తగ్గలేదు. సీపీయూ వెనక చెయ్యి పెట్టి వెతికి, రెండో రిసీవర్ ఒకటి చూశాడు.

"ఇది నీదేనా అమ్మాయ్?"

"నాది నా చేతిలో ఉందిగా అన్నా."

"అయితే దీని మౌస్ ఇంకోడి దగ్గరుంది!" అంకారావు గొంతు మోగింది. పొద్దుటి నుంచి పడ్డ నిందంతా కడిగేసుకునే అవకాశం దొరికింది. "ఎవురూ ముట్టుకోబాకండి. కవర్లో వేసి స్టేషన్లో ఇద్దాం. వేలిముద్రలు తీస్తే దొంగెవడో తేలిపోద్ది. ముందు నా వేలిముద్రలే ఇస్తా బావా!"

బయట ఈలలు పడ్డాయి. ఎవరో జీపు కూడా స్టార్టు చేశారు.

"లే బావా, పోదాం."

వెంకట్రామయ్య గారు లేవలేదు.

"ఆగండ్రా."

"ఎందుకు బావా?"

"ఆగమన్నానా! అందరూ బయటికి నడవండి. నువ్వు కూడా నడువు అంకారావూ. తలుపేసి పో."

తలుపు పడింది. ఆయన ఝాన్సీ వైపు చూడకుండా ఒళ్లో కండువా పక్కకు తీశాడు. తొడ మీద నల్లటి కొత్త మౌస్ ఉంది, దాని మీద ఆయన చెయ్యి ఉంది.

"నేనేనమ్మా. నిన్న నర్సరావుపేటలో కొనుక్కొచ్చా. నువ్వు టీ చెప్పటానికి బయటికి పోయినప్పుడు ఆ ముక్క వెనక గుచ్చా. జిల్లా నాయకుడి కన్నా నా తల ఒక్క రవ్వ పెద్దగా ఉండాలని ఆశ. నిన్నడిగితే ఊరంతా తెలుసుద్ది, వీడికి వినయం లేదంటారు. అందుకని నేనే లాక్కుందామనుకున్నా. నువ్వు రోల్ ఎక్కించటానికి పోయినప్పుడు గట్టిగానే లాగా. కళ్లజోడు పెడితే ముసలోడంటారని పెట్టుకోలా. ముందు ఎటు లాగానో నాది కుంచించుకుపోయింది, మళ్లీ నా తలే అనుకుని లాగితే అంకారావుది పెరిగింది. ఇయ్యాల సరిచేద్దామని లాగితే మళ్లీ వాడిదే వస్తంది. గది నీదేనమ్మా, నేను బతికుండగా నిన్ను ఖాళీ చెయ్యమనేవాడు లేడు. బయట మాత్రం వైరసని చెప్పు. ఇంకో మాట... ఎట్టాగూ మళ్లీ కొడతన్నావు గదా, ఆ తల నువ్వే ఒక్క రవ్వ లాగు."