తోకకోత సర్క్యులర్

సభ, కార్యదర్శి, హాజరుపట్టీ అన్నీ ఉన్న పెద్ద అడవి అది. అక్కడి సభలో ఒక ఆచారం ఉండేది. మాట్లాడేవాళ్ళు తోక పైకెత్తి మొదలుపెట్టాలి. తోక వాలితే ఉపన్యాసం ముగిసినట్టు.

ఆ వేసవిలో జింకకు ప్రాణం మీదికొచ్చింది. వాగుకు అడ్డంగా బండరాయి పడి కింది మడుగు ఎండిపోతోంది. దాని పిల్లలు బురద నాకుతున్నాయి. వెళ్ళి రాయి తొలగించమని ఏనుగును బతిమాలింది.

"నాకెంత పని తల్లీ, ఒక్క తోపు. కానీ సభ తీర్మానం లేకుండా తొండం కదిపితే రేపు నన్నే నిలదీస్తారు," అంది ఏనుగు.

సభలో జింక వంతు చివరిది. దానికి ముందు కొండముచ్చు. బారెడు తోక ఎత్తిందంటే వాలదు. తన తాత దూకిన కొమ్మల పేర్లు చెప్పడానికే నాలుగు రోజులు పట్టింది. మృగరాజు అధ్యక్షస్థానంలో హాయిగా గురక పెడుతున్నాడు.

జింక కార్యదర్శి నక్క దగ్గరికి పరుగెత్తింది. ఆ అడవి భాషలో తగ్గించడం అనే మాటే లేదు. ఎవరూ ఏదీ తగ్గించి ఎరగరు మరి.

"అయ్యా, ఆ ఉపన్యాసాన్ని చివర్న కొంచెం లేకుండా చెయ్యండి," అంది.

"తోక పొడుగైతేనే కదమ్మా మాట పొడుగు. తోకలు కోయిద్దాం. ఇకమీదట దేన్ని పొట్టి చేసినా తోకకోత అనే అందాం. ఇప్పుడే సర్క్యులర్ రాస్తా."

"అదే చేత్తో రాయి సంగతి కూడా రాయండయ్యా."

"రాయికి సభ కావాలి. తోకలకు సర్క్యులర్ చాలు."

కోసే పని పీతకు అప్పగించారు. జింక అందరికన్నా ముందు నిలబడి తన చిట్టి తోక ఇచ్చింది. నొప్పికి కళ్ళనీళ్ళు తిరిగినా పిల్లల్ని చూసి నవ్వింది. కొండముచ్చు తోకను ఎత్తి ఉండగానే, ఉపన్యాసం మధ్యలో కోశారు. అది ఒక్క క్షణం ఆగి, "ఇక మా ముత్తాత విషయానికొస్తే," అంటూ కొనసాగించింది.

"తోక పోయింది కదా, ఇక ఆపమనండి," అంది జింక.

నక్క సభ నిబంధనల పుస్తకం తిరగేసింది. "వాలితే ముగింపు అని ఉందమ్మా. తెగితే అని లేదు. ఇక వాలడానికి తోకేదీ?"

"అయితే నిబంధన మార్చండి."

"మార్చాలంటే సభలో ఎవరో ఒకరు మాట్లాడాలి. ప్రస్తుతం ఆయన మాట్లాడుతున్నారు."

వారానికి మడుగు ఎండింది. జింక పిల్లల్ని వెంటబెట్టుకుని ఏడుస్తూ అడవి దాటిపోయింది. ఏనుగు ఇప్పటికీ రాయి పక్కనే తీర్మానం కోసం నిలబడి ఉంది.

నీతి: దాహమైనవాళ్ళు ముందు తోక సమర్పించుకోవాలి, నీళ్ళ సంగతి సభ చూసుకుంటుంది.