వెల్లకిలా పడ్డ దుకాణం

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉండేవి గానీ ఆఫీసు ఒక్కటే ఉండేది కాదు. ఆ లోటు సింహంగారు తీర్చేశారు. వస్తువుల మీదా సేవల మీదా పన్ను వేసి, వసూలుకి మద్దిచెట్టు మీద ఆఫీసు పెట్టించారు. వ్యాపారం చేసే ప్రతి జంతువూ అక్కడ పేరు రాయించుకుని నంబరు తెచ్చుకోవాలని కాకుల చేత చాటింపు వేయించారు. నోట్లో పన్నే లేని తాబేలుకి పన్నేమిటని మీరు నన్నడక్కండి. అలా అడిగినవాళ్ళు అప్పటికే జరిమానా కట్టి ఇళ్ళకెళ్ళిపోయారు.

తాబేలంటే మన డిప్పయ్య. మడుగు అడుగున బురదలో తామర దుంపలు తవ్వి, కడిగి, వీపు మీద పేర్చుకుని, "దుంపలోయ్, తామర దుంపలు!" అని అడవంతా తిరిగి అమ్ముకునేవాడు. దుకాణమంటూ లేదు. ఎక్కడ ఆగితే అక్కడ దుకాణం, ఎక్కడ తల లోపలికి లాక్కుంటే అక్కడ ఇల్లు. పొద్దున బయల్దేరితే పక్క పొద చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. అయినా సరుకు మంచిది గనక ఎవరూ ఏమీ అనేవారు కాదు.

చాటింపు విని అతని పెళ్ళాం తామరమ్మ కంగారుపడింది. కాకి సర్దిచెప్పింది.

"నీకెందుకమ్మా బెంగ? ఇది పెద్ద బేరగాళ్ళకి. నీ మొగుడిలాంటి చిల్లర బేరగాళ్ళకి నంబరు అక్కర్లేదు."

అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. ఆ వారమే ఏనుగుల సత్రం నుంచి భద్రమ్మ వచ్చింది. సత్రంలో వంటా వార్పూ అంతా ఆవిడ తొండం మీదుగానే నడుస్తుంది.

"డిప్పయ్యా, నీ దుంప బాగుంది. వానలు పడేదాకా మా సత్రానికి రోజూ నువ్వే ఇవ్వాలి," అంది.

డిప్పయ్య మెడ సంతోషంతో ఇంత పొడుగు సాగింది.

"కానీ నంబరుండాలి."

మెడ సగం లోపలికెళ్ళింది. "చిల్లర బేరానికి అక్కర్లేదన్నారమ్మా!"

"నీకు అక్కర్లేదయ్యా, నాకు కావాలి. నంబరున్నవాడి దగ్గర కొంటేనే ఆ పన్ను నా లెక్కలో తగ్గుతుంది. లేకపోతే నష్టం నాది. పున్నమిలోగా తెచ్చుకో. లేదా, బేరం అడవిపందికి ఇచ్చేస్తా. వాడికి నంబరుంది."

"వాడికి దుంపలెక్కడివమ్మా?"

"నీ మడుగులోవే. వాడు మూతి పెడితే మడుగు మడుగులా ఉండదు, అదీ నిజమే. కానీ ఏం చేస్తాం, నంబరుంది కదా!"

డిప్పయ్య మెడ పూర్తిగా లోపలికెళ్ళిపోయింది. తాతల నాటి నుంచీ బతుకుతున్న మడుగది. అసలే ఎండాకాలం, నీళ్ళు చిక్కిపోయి ఉన్నాయి. పంది నాలుగు రోజులు కుళ్ళగిస్తే మిగిలేది బురద, ఆ తర్వాత అదీ ఎండిపోతుంది. మొగుడూ పెళ్ళాం ఆ పూట తిండి ముట్టలేదు.

మర్నాడు డిప్పయ్య తామరమ్మని వెంటబెట్టుకుని మద్దిచెట్టు దారి పట్టాడు. చెట్టు కింద శాంతమూర్తి అనే కొంగ ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని జపం చేసుకుంటున్నాడు. నంబర్లు ఇప్పించడం అతని వృత్తి.

"ఎవర్ని ధ్యానం చేస్తున్నారు స్వామీ?" అన్నాడు డిప్పయ్య.

"పైవాణ్ణి."

"దేవుణ్ణా?"

"కాదయ్యా, పై కొమ్మ మీదుండే ఇన్స్పెక్టరుగార్ని. దేవుడు వరమిచ్చినా సంతకం పెట్టాల్సింది ఆయనేగా!" శాంతమూర్తి ఒక కన్ను తెరిచాడు. "ఫీజు చేపల్లో తీసుకుంటాను. నీ మడుగులో చేపలున్నాయా?"

"ఉన్నాయండీ."

రెండో కన్ను కూడా తెరుచుకుంది. "అయితే చెప్పు. దుకాణం ఎక్కడ?"

"నా వీపు మీదండీ."

"ఇల్లు?"

"అదీ వీపు మీదేనండీ."

"వీపు ఎక్కడుంటుంది?"

"నేనెక్కడుంటే అక్కడుంటుందండీ."

శాంతమూర్తి తల పట్టుకోలేదు గానీ, పట్టుకోవడానికి చేతులుంటే పట్టుకునేవాడే. "ఇలా అయితే లాభం లేదు. ఆఫీసుకి ఒక స్థలం చూపించాలి. ఆ స్థలంలో దుకాణముండాలి, దుకాణానికి బోర్డుండాలి, బోర్డు వెనక వ్యాపారి ఉండాలి. ఇన్స్పెక్టరుగారు స్వయంగా వచ్చి చూస్తారు. పోనీలే, మీ మడుగు పక్కన నేను నిలబడే గట్టుంది కదా, అది నీకు అద్దెకిస్తా. నాకేం అభ్యంతరం లేదని నా కాలి ముద్ర కూడా వేసిస్తా. అద్దె కూడా చేపల్లోనే."

గట్టు ఎవరి సొత్తూ కాదు. కొంగ రోజూ అక్కడ నిలబడుతుంది గనక కొంగదైపోయింది. ఈ మాట తామరమ్మ అడగబోయింది గానీ డిప్పయ్య కళ్ళతోనే వద్దన్నాడు.

బెరడు ముక్క మీద శాంతమూర్తి ముక్కుతో బోర్డు చెక్కాడు: 'డిప్పయ్య అండ్ సన్స్, దుంపల వర్తకులు'.

"సన్సెవరండీ? గుడ్లు ఇసకలో పెట్టి వచ్చేస్తాం మేము. ఎవరు మా పిల్లలో మాకే తెలీదు," అన్నాడు డిప్పయ్య.

"ఉండనీ. సన్సుంటే మర్యాద."

దుకాణం వీపే గనక బోర్డుని తుమ్మజిగురుతో వీపుకే అంటించారు. దరఖాస్తు పైకెళ్ళింది.

ఇక ఇన్స్పెక్టరు నింపాదిరావుగారి గురించి చెప్పాలి. ఆయనొక దేవాంగపిల్లి. పేరులో పిల్లి ఉందని పరుగులు ఊహించుకోకండి. పుల్లల్లాంటి కాళ్ళు, మొహం నిండా కళ్ళు, ఒక కొమ్మ పట్టుకుంటే రెండో కొమ్మ పట్టుకోవాలా వద్దా అని సాయంత్రం దాకా ఆలోచించే జాతి. పైగా పగలంతా నిద్రపోయే అలవాటు. ఆ అలవాటు చూసే సింహంగారు ఆఫీసులో ఉద్యోగమిచ్చారు.

నింపాదిరావుగారు తనిఖీకి బయల్దేరారు. ఆయన గట్టు చేరేలోగా డిప్పయ్య దుంపలు అమ్ముకోవడానికి వెళ్ళి, అమ్ముకుని, కబుర్లు చెప్పుకుని, మరో బేరానికి మళ్ళీ వెళ్ళాడు. నింపాదిరావుగారు ఖాళీ గట్టుని గుడ్లప్పగించి చూసి రిపోర్టు రాశారు: 'వ్యాపారి పరారీ. మహావేగంగా పారిపోయినట్టు తెలుస్తోంది.'

రెండోసారి డిప్పయ్య గట్టు మీదే కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని ఒళ్ళెండి, కాస్త నీళ్ళలో మునిగొద్దామని దిగాడు. సరిగ్గా అప్పుడే ఆయన రావడం, చూడడం, 'మళ్ళీ పరారీ. ఈసారి మరింత వేగంగా' అని రాసుకుని వెళ్ళడం అయిపోయాయి. ఆ కబురు విని కుందేళ్ళు పొట్ట పట్టుకుని నవ్వాయి. వాళ్ళ వంశం పుట్టాక తాబేలుని ఇంత గౌరవంగా ఎవరూ తిట్టలేదట.

డిప్పయ్యకి మాత్రం నవ్వు రాలేదు. చంద్రుడు రోజురోజుకీ బొద్దుగా తయారవుతున్నాడు. అడవిపంది అప్పుడే మడుగు చుట్టూ ఒక చుట్టు తిరిగి, అక్కడక్కడా మూతితో పొడిచి చూసి, "తొందరేం లేదు బావా! పున్నమి దాకా ఆగుతాలే," అని వెళ్ళింది.

"ఇంక ఒక్క అవకాశమే ఉంది," అన్నాడు శాంతమూర్తి. "ఈసారి ఆయన వచ్చేదాకా నువ్వు కదలకూడదు."

"కదలనండీ."

"మనసు చెప్పినా కాళ్ళు వినవు డిప్పయ్యా. అందుకని కాళ్ళకి నేల అందకుండా చేద్దాం. అలా గట్టు అంచుకి జరుగు."

డిప్పయ్య జరిగాడు. శాంతమూర్తి పొడుగుకాలు అడ్డంపెట్టి ఒక్క తోపు తోశాడు. డిప్పయ్య బోర్లా ఉన్నవాడు వెల్లకిలా పడ్డాడు. నాలుగు కాళ్ళూ ఆకాశాన్ని తవ్వడం మొదలుపెట్టాయి.

తామరమ్మ లబోదిబోమంటూ వచ్చింది. "నీ జపం తగలెయ్య! తాబేలుని వెల్లకిలా పడేస్తే బతుకుతుందటయ్యా?"

"ఒక్క పూటమ్మా. ఆయన బయల్దేరారు."

"ఎక్కడిదాకా వచ్చారు?"

"కింది కొమ్మ దాకా."

ఎండ నెత్తికెక్కింది. ఇన్నాళ్ళూ ఎండ చూడని పొట్ట మాడిపోసాగింది. తామరమ్మ మడుగులోకి పోయి నోటినిండా నీళ్ళు తెచ్చి మొగుడి మొహాన పోసి మళ్ళీ పోయేది. తెచ్చేలోపు ముందు పోసినవి ఆరిపోయేవి. ఇక ఆగలేక తల ఆనించి తిప్పబోయింది.

"ఆగమ్మా ఆగు!" శాంతమూర్తి రెక్కలు అడ్డం పెట్టాడు. "దరఖాస్తు పెట్టాక దుకాణం రూపు మార్చకూడదు. మారిస్తే మళ్ళీ మొదటి నుంచి రావాలి."

"ఇది దుకాణం కాదయ్యా, నా మొగుడు!"

"కాయితాల్లో దుకాణమే తల్లీ."

దారిన పోయేవాళ్ళు తలో మాటా అన్నారు. మా బావమరిదికి ఇంతకన్నా ఆలస్యమైందని ఒకరు. వెల్లకిలా కాదు, పక్కకి పడుకోవాలి, కొత్త రూలొచ్చిందని ఇంకొకరు. తిప్పుదామని మాత్రం ఎవరికీ తోచలేదు. పోనీ డిప్పయ్యకైనా బుద్ధుందా అంటే, అదీ లేదు.

"తామరమ్మా," అన్నాడు ఎండిన గొంతుతో, "నంబరొచ్చాక తిప్పుదువుగానిలే. మడుగు పోతే నేను బతికి మాత్రం ఏం లాభం?"

"నువ్వు పోతే మడుగు నేనేం చేసుకోను? అందులో దూకడానికా?" అని తామరమ్మ భోరుమంది. ఏడుస్తూనే మళ్ళీ నీళ్ళకి పోయింది. ఆ ఒక్క మాటకీ డిప్పయ్యకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తలకిందులుగా ఉన్నాడేమో, అవి నుదుటి మీదికి జారాయి.

పొద్దు వాలుతుండగా నింపాదిరావుగారు దయచేశారు. చుట్టూ తిరిగి చూశారు. చిన్న జంతువే, చుట్టూ తిరగడానికి చాలాసేపు పట్టింది.

"స్థలం ఉంది. దుకాణం ఉంది. వ్యాపారి ఉన్నాడు. బోర్డేదీ?"

"కిందుంది సార్," అన్నాడు శాంతమూర్తి.

"కిందుంటే ప్రజలకెలా కనిపిస్తుంది? లోపం. వివరణ రాసివ్వండి, వచ్చేవారం వచ్చి చూస్తాను."

"సార్, ప్రాణం పోయేలా ఉంది సార్," అన్నాడు డిప్పయ్య.

"దానికి వేరే ఆఫీసుందయ్యా."

తామరమ్మకి ఒళ్ళు మండిపోయింది. "వచ్చేవారమా! బోర్డు చూడాలంటే ఇప్పుడే తిప్పి చూడు. అంతేసి కళ్ళెందుకిచ్చాడు దేవుడు నీకు?"

నింపాదిరావుగారికి కోపమొచ్చింది. కానీ అది రావడానికి కూడా టైము పడుతుంది గనక, ఈలోపు తామరమ్మ ఒక పక్క తల పెట్టి ఎత్తింది. ఆయన ఎదుట ఏం చెయ్యాలో తోచక శాంతమూర్తి కూడా ముక్కు పెట్టి సాయంపట్టాడు. డిప్పయ్య ధబాలున బోర్లా పడ్డాడు.

బోర్డు మాత్రం అతనితో రాలేదు. ఎండకి జిగురు కరిగి, బెరడు నేలకే అతుక్కుపోయింది. గట్టు మీద అక్షరాలు పైకి కాకపోయినా బోర్డంటూ ఒకటి మిగిలింది.

డిప్పయ్య బోర్డు చూడలేదు, కొంగని చూడలేదు, ఇన్స్పెక్టరుని అసలే చూడలేదు. కాళ్ళ కింద నేల తగిలింది, ముక్కుకి నీళ్ళ వాసన తగిలింది. తన వేగమెంతో అంత వేగంతో పోయి మడుగులో పడ్డాడు. వెనకే తామరమ్మ.

నింపాదిరావుగారు ఈలోపు బెరడు ముక్క ఊడదీసి, తిరగేసి, నిలబెట్టి, తల పైకెత్తారు. బోర్డు వెనక, భయంతో బిగుసుకుపోయి, ఒంటికాలి మీద శాంతమూర్తి నిలబడి ఉన్నాడు.

"స్థలం ఉంది. బోర్డుంది. వ్యాపారి ఉన్నాడు, కదలడం లేదు. చాలా బాగుంది," అని ఆ గుండ్రటి కళ్ళు ఒక్కసారి మూసి తెరిచి ఫోటో తీసుకున్నారు.

"సార్! నేను వ్యాపారిని కాదు సార్, సలహాదారుని!"

"స్థలం ఎవరిది?"

"నాదే సార్."

"అభ్యంతరం లేదని ముద్ర?"

"నాదే సార్."

"మరింకేమయ్యా? ఇందాకటివాడు మళ్ళీ పరారీ, నువ్వు బుద్ధిగా నిలబడ్డావు. సంతోషం. నంబరు మంజూరు. ఇక్కణ్ణుంచి కదిలావో, నీకూ పరారీ రాస్తాను."

పున్నమికి ముందే నంబరొచ్చింది, గట్టు పేరు మీద. భద్రమ్మ తొండమూపుకుంటూ వచ్చి శాంతమూర్తి ఎదుట నిలబడింది. "నంబరు నీదేగా? దుంపలు తే." ఏనుగుకి లేదని చెప్పిన కొంగ ఆ అడవిలో ఇంతవరకూ లేదు. బేరం పోయిన అడవిపంది ఇంకో మడుగు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

శాంతమూర్తి నీళ్ళ వైపు తిరిగి, బతుకులో మొదటిసారి నిజంగా దణ్ణం పెట్టాడు. "డిప్పయ్యా, నీకు పుణ్యముంటుంది. దుంపలియ్యవయ్యా!"

నీళ్ళలోంచి ముందు తామరమ్మ తల లేచింది. "ఫీజుకని తిన్న చేపలు, అద్దెకని తిన్న చేపలు మడుగులో వదులు. ఆ తర్వాత బేరం."

"దుంపలకి రేటెంతమ్మా?"

"మేమెంతంటే అంత. మాకు నంబరు లేదుగా, చిల్లర బేరగాళ్ళం."

అప్పట్నుంచీ శాంతమూర్తి గట్టు వదల్లేదు. డిప్పయ్య దగ్గర దుంపలు కొనడం, సత్రానికి అమ్మడం, నెలనెలా రిటర్ను వెయ్యడం, ఇదే పని. మడుగు గట్టున ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని నిలబడ్డ కొంగ కనిపిస్తే జపమనుకుని మీరు నవ్వకండి. ఇదివరకు అది వేషం, ఇప్పుడు మాత్రం నిజంగానే పైవాణ్ణి తలుచుకుంటున్నాడు.

డిప్పయ్య మీద రాసిన పరారీ రిపోర్టులు ఆఫీసులో ఇంకా అలాగే ఉన్నాయి. అతను రోజూ మద్దిచెట్టు కిందనుంచే "దుంపలోయ్!" అని అరుచుకుంటూ పోతాడు. పైనుంచి నింపాదిరావుగారు చూసి, పట్టుకుందామని లేచి, కొమ్మ అందుకునేసరికి కేక ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. "అబ్బ, ఏం స్పీడయ్యా!" అని ఆయన మళ్ళీ కూర్చుంటారు.

నీతి: పారిపోవడానికి వేగం అక్కర్లేదు, వెంటపడేది ఆఫీసైతే చాలు.