కౌన్సిలర్ గారి చల్లనీళ్ళ పందిరి

కౌన్సిలర్ కాళియప్పన్ నా కరెంటుతో కోవిల్‌పట్టి దాహం తీర్చాడు. ఈ సంగతి పేపర్లో సగమే వచ్చింది. చల్లనీళ్ళ గురించి రాశారు, ఫోటో వేశారు, ఆయన నల్లకళ్ళద్దాలు కూడా స్పష్టంగా పడ్డాయి. మిగతా సగం రాయడానికి అయిదో క్లాసుతో బడి మానేసిన నేనే మిగిలాను. తప్పులుంటే మన్నించాలి.

రెండువేల మూడు, ఏప్రిల్ నెల. ఆటోకు మైకు కట్టి వీధివీధికీ చాటించారు. "మన నగర చరిత్రలోనే మొదటిసారిగా! ఫ్రిజ్జుతో కూడిన నీళ్ళ పందిరి! తలైవర్ ఆశీస్సులతో, వార్డు కౌన్సిలర్ కాళియప్పన్ సొంత చెమటతో!" చెమట సొంతమే. ఆ ఎండలో ఎవరిది వారిదే.

ఎండాకాలం వస్తే మావైపు ప్రతి పార్టీ పందిరి వేసి, కుండలు పెట్టి, దారినపోయేవాళ్ళకు నీళ్ళు పోస్తుంది. కుండ నాలుగు రోజుల్లో ఎండిపోతుంది. తలైవర్ అని పిలిచే నాయకుడి బొమ్మ మాత్రం వానలు పడేదాకా నవ్వుతూనే ఉంటుంది. కాళియప్పన్ దూరదృష్టి కలవాడు. కుండ పాతకాలం అని, విరుదునగర్ నుంచి అద్దం తలుపున్న పెద్ద ఫ్రిజ్జును మినీలారీలో తెప్పించాడు. పందిరికి కళుగుమలై రోడ్డు మీద, నా ఇంటిని ఆనుకుని ఉన్న ఖాళీ స్థలాన్ని ఎంచుకున్నాడు. ఆ స్థలం మా తాత వదిలిపోయింది. పట్టా ఇంకా ఆయన పేరు మీదే ఉంది.

నా భార్య వీరమ్మాళ్ ఇంట్లో గ్రైండరు పెట్టి ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. ఆ స్థలంలో చిన్న ఇడ్లీ కొట్టు వేసుకోవాలని ఆమె ఆశ. పిండి డబ్బుల్లో మిగిల్చి కొంచెం కొంచెంగా ఇటుకలు కూడా తెచ్చి పేర్చింది.

నేను విరుదునగర్‌లో పప్పుమిల్లులో మూటలు మోస్తాను. ఆదివారాలు మాత్రమే ఇంటికి వస్తాను. ఒక ఆదివారం వచ్చి చూస్తే నా స్థలంలో పందిరి, పందిరిలో పాటలు.

"ఏమే, ఎవరిని అడిగి వేసినారు?"

"నన్నే అడిగినాడు. 'అత్తా, రెండు నెలలకు స్థలం ఇయ్యండి, ఒక్క బల్బుకు లైను ఇయ్యండి, పుణ్యం' అన్నాడు. నీళ్ళు పోసే పనికి లేదని ఎట్ల చెప్పేది?"

నిజమే. గుడి కొడై జాతర అయినా, పెళ్ళి అయినా, చావు అయినా, పక్కవాళ్ళు ఒక్క బల్బుకు లైను అడిగితే మా వీధిలో ఎవరూ లేదనరు. లేదన్నవాళ్ళ ఇంట్లో చావుకు ఎవరూ రారు.

జూన్‌లో రీడింగు తీసే ఆయన వచ్చాడు. మీటరు చూశాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు, కార్డులో రాశాడు.

"ఏమమ్మా, లోపల ఐస్ ఫ్యాక్టరీ పెట్టినారా?"

ఎప్పుడూ నూట తొంభై దాటని బిల్లు మూడువేల ఎనిమిదివందల నలభై ఆరు రూపాయలు అయింది. గడువులోగా కట్టకపోతే ఫ్యూజు పీకేస్తారు. ఫ్యూజు పోతే గ్రైండరు ఆగుతుంది, గ్రైండరు ఆగితే పొయ్యి ఆగుతుంది.

ఆదివారం వచ్చి మెయిను ఆపాను. ఫ్యాను ఆగింది. గ్రైండరు ఆగింది. మీటరులో చక్రం ఆగలేదు, పందిరిలో పాట ఆగలేదు. మెయినుకు ముందే తగిలించిన వైరు ఒకటి కిటికీ దూరి పందిరిలోకి పోయింది. నేనూ దాని వెంటే పోయాను. అక్కడ ఒక్క బల్బు వెలుగుతోంది. దానితోపాటు ఫ్రిజ్జు, నాలుగు ట్యూబులైట్లు, పందిరి చుట్టూ సీరియల్ లైట్లు, రెండు గొట్టం స్పీకర్లు, కటౌట్లో తలైవర్ తల వెనక తిరిగే రంగుల చక్రం. మాట తప్పలేదు. బల్బు ఒక్కటే.

కాళియప్పన్ నన్ను కూర్చోబెట్టి, స్వయంగా చల్లనీళ్ళు ఇచ్చాడు.

"మామా, బిల్లు అనేది కోపపడేదానికి కాదు. అర్థం చేసుకునేదానికి."

"ఏమి అర్థం చేసుకునేది తంబీ? నా మీటరు నీ పాటకు ఆడతా ఉండాది!"

"చూసినారా, ఇదే అవగాహన లేనిది. ఇంట్లో గ్రైండరు ఉండాది కదా?"

"పదేండ్లుగా ఉండాది."

"అదే చెప్తా ఉండాను. వయసైతే మనిషికే తాగుడు ఎక్కువైపోతాది. గ్రైండరుకు కాదా?"

ఆయన ఆలోచన నాతో ఆగలేదు. మరుసటి ఆదివారమే అదే పందిరిలో 'కరెంటు బిల్లును అర్థం చేసుకునే శిబిరం' జరిగింది. పాలిటెక్నిక్ రెండుసార్లు తప్పిన సెందిల్‌కుమార్‌ను విద్యుత్ నిపుణుడని శాలువా కప్పి దించారు. అతడు పట్టపగలు నాలుగు ట్యూబులైట్ల కింద నిలబడి, నా ఇంటి కరెంటు మీద నడిచే మైకులో, పొదుపు గురించి గంటసేపు మాట్లాడాడు. ఉదాహరణగా మా గ్రైండరును పేరు పెట్టి చెప్పాడు.

వీరమ్మాళ్ పిండి చేతులతోనే లేచింది.

"ఏ నిపుణుడా! ముందు నీ తలమీది లైట్లు ఆపు. వెలుతురు తగ్గితే నీ మొగం కనపడదు, చెప్పేది అన్నా ఎక్కుతాది!"

జనం ఈలలు వేశారు. ఇంకొకరైతే తడబడేవారు. కాళియప్పన్ మైకు లాక్కున్నాడు.

"అత్త చెప్పింది న్యాయం! ఈ బిల్లు నేనే కడతాను. ఇప్పుడే, మీ ముందరే! అయితే ఒక్క కోరిక. ఏది ఎవరిదో మామ తన నోటితో చెప్పాల. రేపు నా మీద ఒక మాట రాకూడదు."

మైకు నా చేతికి వచ్చింది. జీవితంలో మొదటిసారి. నా గొంతు కళుగుమలై రోడ్డు చివరిదాకా పోయి తిరిగొచ్చింది.

"ఈ ఫ్రిజ్జు నాది కాదు! ఈ లైట్లు నావి కావు!"

"ఇంకా చెప్పండి మామా, భయపడకుండా చెప్పండి."

"ఈ పందిరి నాది కాదు! ఈడ ఉండేది ఒక్కటీ నాది కాదు! అంతా నీదే! నువ్వే కట్టు!"

అంత చప్పట్లు మా వంశంలో ఎవరికీ పడి ఉండవు. కాళియప్పన్ కళ్ళు తుడుచుకుని, నోట్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. నేను ఆయనకు పూలమాల వేశాను. పెళ్ళిళ్ళకు వీడియో తీసే ముత్తుపాండి పందిరి స్తంభమెక్కి అంతా తీశాడు. మరునాడే బిల్లు కట్టేశాం. వైరు పీకేశారు. ఇంత మంచివాణ్ణి తిట్టానే అని విరుదునగర్ బస్సులో దారి పొడుగునా బాధపడ్డాను.

అక్టోబరులో పడే ఐప్పసి వానలకు పందిరి తాటాకులు కుళ్ళిపోయాయి. వాటి స్థానంలో ఆస్‌బెస్టాస్ రేకులు వచ్చాయి. రేకుల కింద గోడలు లేచాయి. ఇటుకలు బయటినుంచి తేలేదు, వీరమ్మాళ్ పేర్చినవే సరిపోయాయి. పైన బోర్డు: 'వార్డు పార్టీ కార్యాలయం'.

నేను పెద్దలను పిలిచాను. వాళ్ళు ఆ కార్యాలయంలోనే కూర్చున్నారు. ఊళ్ళో కుర్చీలు ఉన్నది అక్కడే. కాళియప్పన్ ఒక్క మాట కూడా వాదించలేదు. ముత్తుపాండి చేత క్యాసెట్టు పెట్టించి, టీవీ మా వైపు తిప్పాడు.

నన్ను నేను టీవీలో చూసుకోవడం అదే మొదలు. బాగానే ఉన్నాను. గొంతులో తడబాటు లేదు.

పెద్దాయన దొరైసామి అడిగాడు. "ఇది నువ్వేనా అప్పా?"

"నేనే."

"ఎవరన్నా బెదిరించి చెప్పించినారా?"

"లేదు."

"ఊరు ముందర చెప్పిన మాట. వెనక్కి తీసుకుంటే ఊరికి మర్యాద ఉంటాదా?"

వీరమ్మాళ్ లేచింది. ఇంట్లోకి పోయి గ్రైండరు వేసింది. ఆ చప్పుడు కార్యాలయంలోకి బాగా వినిపించింది. పెద్దలు తలుపు మూయించారు.

కార్యాలయానికి కౌన్సిలర్ పేరుతో వేరే మీటరు వచ్చింది. మా బిల్లు మళ్ళీ నూట తొంభైకి దిగింది. ఈ విషయంలో కాళియప్పన్‌కు నేను ఒక్క పైసా కూడా బాకీ లేను. ఆయన కట్టింది మూడువేల ఎనిమిదివందల నలభై ఆరు రూపాయలు. నాకు పోయింది రోడ్డు మీది నేల, రెండు ముప్పావు సెంట్లు.