కీళ్లు నేర్పే కంపెనీ వ్యాను

చేతిలో ఎన్ని రకాల కీళ్లున్నాయో తెలుసుకోవడానికి మెడికల్ కాలేజీలో సీటు అక్కర్లేదు, మహాశయులారా! పొద్దున్నే కే.జీ.కండిగైలో మా కంపెనీ వ్యాను ఎక్కితే చాలు. అందులోనూ సీటు దొరకదు కాబట్టి రెండూ ఒకటే.

పద్నాలుగు మందికి చేసిన బండిలో అంతకు రెండింతల మందిని కుక్కడం అన్యాయమట! అన్యాయమెలా అవుతుందండీ? అది విద్యాదానం.

మోచేయి మడతబందు కీలు. తలుపు రెక్కలా ఒకే వైపు తెరుచుకుంటుంది. పక్కవాడిది మీ డొక్కలో తెరుచుకున్నాక ఇక మరిచిపోగలరా? ముంజేతిలో బొంగరపు కీలుంది. టిఫిన్ బాక్సు తలకిందులు కాకుండా చేతిని తిప్పి తిప్పి పట్టుకుంటున్నామంటే దాని చలవే. మణికట్టులో చిన్న ఎముకలు ఒకదానిమీద ఒకటి జారుతాయి. కిటికీ కమ్మీకీ, స్టోర్సు గుమాస్తానైన నా పొట్టకీ మధ్య ఇరుక్కున్న ఏ మణికట్టునైనా అడగండి!

ఇక భుజం. బంతిగిన్నె కీలు. గిన్నెకు లోతు తక్కువ. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే బంతి జారిపోనూ గలదు. ఈ రెండో సంగతి మాకు ప్యాకింగ్ సెక్షన్ ఆరోగ్యమేరి నేర్పింది.

ఆ రోజు ఆమె పైకమ్మీ పట్టుకుని వేలాడుతోంది. కడంబత్తూరు దగ్గర ఆవు అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. అందరం ముందుకు పడ్డాం. ఆమె కూడా పడింది, కమ్మీ పట్టుకున్న చెయ్యి తప్ప.

"అయ్యో ఏసయ్యా! చెయ్యి ఊడిపోయినాదే!"

భుజం గుండ్రదనం పోయి పలకలా తయారైంది. ఏ కాలేజీలో ఇంత దగ్గర నుంచి చూపిస్తారు? ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. పక్కనున్న షర్మిల ఏడుస్తూ ఆమె తలను ఒళ్లో పెట్టుకుంది.

తిరువళ్లూరులో డాక్టరు బంతిని గిన్నెలో పెట్టి, కట్టు కట్టి, కొన్నాళ్లు చెయ్యి ఎత్తొద్దన్నాడు. మా మేనేజరు దేవేంద్రన్ అంతకంటే పెద్ద శాస్త్రజ్ఞుడు.

"ఎడమ చెయ్యి బాగానే ఉండాది కదమ్మా? కొంచెం అడ్జస్ట్ చేసుకో," అన్నాడు. ఆ సాయంత్రమే వ్యానులో ఎడమవైపు కూడా ఒక కమ్మీ వేయించాడు!

మర్నాడు వ్యాను వచ్చి ఆగింది. ఆడవాళ్లెవరూ ఎక్కలేదు.

"సీక్రం ఎక్కండమ్మా, టైమవతా ఉండాది," అన్నాడు డ్రైవరు జయరామన్.

"ఇంకో బండి వస్తేనే ఎక్కేది అన్నా. మీ సార్‌కు ఫోన్ చెయ్," అంది షర్మిల.

అందరూ రోడ్డు పక్కన కూర్చున్నారు. నేను మాత్రం ఎక్కాను. మొదటిసారి సీటు దొరికింది! ఖాళీ వ్యానులో ఒక్కణ్ణే కూర్చుంటే ఎందుకో సిగ్గేసింది. దిగి వాళ్ల పక్కన కూలబడ్డాను.

పుర్రెలో కీళ్లు కదలవని శాస్త్రం. ప్యాకింగ్ ఆగిపోయేసరికి మా మేనేజరువి కదిలాయి. ఎండ ముదరకముందే రెండో వ్యాను వచ్చేసింది.

ఇప్పుడు అందరం కూర్చునే వెళుతున్నాం. ఎవరి మోచేయీ ఎవరికీ తగలడం లేదు. చదువు మూలపడింది! ఆరోగ్యమేరి కుడిచెయ్యి ఇంకా తలదాకా లేవదు. దారిలో షర్మిలే ఆమెకు జడ వేస్తుంది.

ఇంత తొందరగా కొత్త వ్యాను ఎలా కొన్నారని మొన్న జయరామన్‌ను అడిగాను.

"కొత్తదేంది సార్! ఏడాదిగా షెడ్డులోనే ఉండాది. విజిటర్లు వచ్చేదాకా సీట్లు మాసిపోకూడదని కవరు కప్పి పెట్టినారు."